కదపకు

పెరుంగుడి, ఆరో అంతస్తు, రాత్రి పదకొండు నలభై.
తెర మీద ఎర్రగా ఒకే వాక్యం:
అడిగిన పని ఆ లైబ్రరీలో లేదు.

ఏ లైబ్రరీ? దాని పేరైనా వినలేదు నేను.
బిల్డు స్క్రిప్టులో నేను పిలిచింది పద్నాలుగింటిని.
లోపలికి తొంగిచూస్తే
విస్తళ్ల ముందు కూచున్నవి మూడువందల పన్నెండు.
పిలవని పేరంటాలు కావవి.
ఒక్కోదాన్నీ ఎవరో పిలిచారు,
ఆ పిలిచినవాళ్లని ఇంకెవరో,
ఆ ఇంకెవరినో నేనే.

ఇదేమో తేదీల చివర ఖాళీలు కత్తిరించే ముక్క.
ముప్పై లైన్లుంటుందేమో, మీసం కత్తెరంత.
లెక్కల లైబ్రరీకి దాని పాతదే కావాలి.
రసీదులు అచ్చేసేది మాటవరసకి కొత్తదడుగుతుంది,
పాతదిచ్చినా సర్దుకుపోయే రకం.
బిల్డు టూలుకి ఈ గుట్టు తెలీదు,
ఉన్నవాటిలో కొత్తది తెచ్చి కూచోబెట్టింది.
కొత్తదానికి పాత పని రాదు.

మరి నిన్నటిదాకా ఎలా నడిచింది?

సాయంత్రం ఆరింటికి
స్క్రిప్టు శుభ్రం చేస్తూ నేనొక లైను తీసేశాను.
మనం నేరుగా వాడనిదాని పేరు,
పక్కన సున్నా చుక్క నాలుగు చుక్క రెండు,
పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే తెలుగు మాట:
కదపకు.
ఎందుకో రాయలేదు.
కారణం చెప్పని మాటంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు.
మంగళవారం గోళ్లు తీయకు, గడప మీద కూచోకు,
ఆ వరసలో కలిపి దీన్నీ తుడిచేశాను.

రాసింది పెంచలప్రసాదు. నాకంటే ముందు ఈ కుర్చీ అతనిది.
ఇప్పుడు సూళ్లూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటున్నాడట.
ముఖం తెలీని మనిషికి ఈ వేళప్పుడు ఫోనా?
తెల్లారి మూడింటికి పాల సంఘం రసీదులు కదలాలి.
చేశాను.

నా పేరు చెప్పాను. పెరుంగుడి అన్నాను.
అవతల గుంటల్లో చక్రాలు నీళ్లని చరుస్తున్న చప్పుడు.
"తీసేసినావా మే, ఆ లైను?"
నవ్వలేదు, తిట్టలేదు.
సున్నా, నాలుగు, రెండు. ఐదేళ్లయినా నోటికుంది,
వాళ్లమ్మ ఫోను నంబరు చెప్పినట్టు చెప్పాడు.
ఎందుకో కూడా రాసుండొచ్చుగా, అన్నాను.
"రాద్దామనే అనుకున్యా. ఆ రాత్రీ పాల బిల్లులే."

కింద గేటు దగ్గర నీళ్ల లారీ
కూత పెడుతూ వెనక్కి వస్తోంది.
పొద్దుట్నుంచి సంపు ఎండిపోయి ఉంది, నాకిప్పుడు తెలిసింది.
చేతులు కడిగిన ప్రతిసారీ నేను పిలుస్తున్నది ఈ లారీని.
లారీ పిలిచేది తిరుప్పోరూరు అవతల
ఎవరి తోటలోనో ఉన్న బోరుని.
ఆ బోరు దేన్ని పిలుస్తుందో,
దానికి అంకె ఎవరు వేశారో.
వాచ్‌మన్ సెల్వమణి పైపు మెడ పట్టుకుని
తణ్ణి వందాచ్చు అని చీకట్లోకి అరుస్తున్నాడు.

లైను మళ్లీ పెట్టాను. లాక్ ఫైలు తిరగరాయించాను.
మూడువందల పన్నెండు పేర్లు, పేరు పక్కన అంకె,
అంకె పక్కన వేలిముద్రలాగా అర్థం కాని అక్షరాల తోక.
ఎవరు రాశారో ఇవన్నీ.
జీతం కోసం రాసినట్టు లేరు చాలామంది.
ఒకడైతే లోపల తన కుక్క పేరు కూడా పెట్టుకున్నాడు.

బిల్డు నడుస్తోంది.
పచ్చ గీత డెబ్బై దగ్గర ఆగి ఆలోచిస్తోంది.

ఈలోగా
అతని మాట కింద నా మాట రాయడం మొదలెట్టాను:
లెక్కల లైబ్రరీ పాతదాన్నే అడుగుతుంది,
కొత్తదాంట్లో ఆ పని తీసేశారు,
లెక్కలది మారిన రోజున ఈ లైను

పచ్చ గీత కదిలింది.
అటు చూశాను.